భువనగిరి వెళ్తే ముందు బండను చూడండి

(భువనగిరి గుట్ట ఎక్కడానికి బయల్దేరుతున్న కొందరు కుర్రాళ్ళు, కొన్ని కుటుంబాలతో హైదరాబాద్‌లో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? సరే.

నన్ను భువనగిరి కోట గురించి మాట్లాడమని పిలిచారు. మాట్లాడతాను, కాకపోతే కోట దగ్గరికి కాస్త ఆలస్యంగా వస్తాను. అక్కడికి వెళ్ళే చాలామందిని గమనించాను. టికెట్ తీసుకుంటారు, గబగబా మెట్లెక్కుతారు, దర్వాజా దగ్గర ఒక ఫోటో, పైన గాలికి జుట్టు ఎగురుతుంటే ఇంకో ఫోటో, దిగి దారిలో టిఫిన్ చేసి ఇంటికి. ఆ రెండు మూడు గంటలూ దేని మీద నిలబడ్డారో దాన్ని మాత్రం వంగి చూడరు. నన్నడిగితే అసలు కోట ఆ బండే. రాజులు కట్టింది దాని మీద కొసరు. ఈ ఒక్క మాట మీ బుర్రలోకి ఎక్కితే చాలు, నేను ఇక్కడికి వచ్చినందుకు ఫలితం దక్కినట్టే.

వీలైతే కారు ఇంట్లో వదిలేసి రైల్లో వెళ్ళండి. సికింద్రాబాద్ నుంచి కాజీపేట వైపు వెళ్ళే లైను. మౌలాలి దాటుతున్నప్పుడు కిటికీలోంచి చూడండి, మౌలాలి గుట్ట కనిపిస్తుంది, పైన దర్గాతో. అదీ ఇలాంటి నున్నటి గ్రానైట్ గుండే. తర్వాత ఘట్‌కేసర్, బీబీనగర్. బీబీనగర్ దాటాక దూరంగా ఊరి కప్పుల మీదుగా ఒక పెద్ద బోడి బండ లేచి ఉంటుంది చూశారా, అదే. హైదరాబాద్ నుంచి దాదాపు 50 కిలోమీటర్లు. ఎత్తు 500 అడుగుల పైమాటే, పరుచుకున్న చోటు దాదాపు 40 ఎకరాలని చెప్తారు. ఒక దిక్కు నుంచి తాబేలులా, ఇంకో దిక్కు నుంచి పడుకున్న ఏనుగులా ఉంటుందని అక్కడివాళ్ళ మాట. మీకు ఏది కనిపిస్తుందో మీరే తేల్చుకోండి.

సరే, ఆ రాయి సంగతికి వద్దాం. నేను జియాలజీ చదువుకున్నవాణ్ణి, కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఓపిక పట్టండి.

మన తెలంగాణ నేల కింద ఉన్న గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. డైనోసార్లు వచ్చింది 23 కోట్ల ఏళ్ళ కిందట, అంటే ఈ రాయి ముందు అవి నిన్న మొన్నటివి. అప్పట్లో ఇది రాయి కాదు, కరిగిన ముద్ద. భూమి లోపల కొన్ని కిలోమీటర్ల లోతులో ఇరుక్కుపోయి, పైకి రాలేక, అక్కడే చాలా నెమ్మదిగా చల్లారింది. నెమ్మదిగా చల్లారింది కాబట్టే లోపలి ఖనిజాలకి తీరిగ్గా పెరిగే టైం దొరికింది. అందుకే గ్రానైట్‌లో రవ్వలు కంటికి కనపడేంత పెద్దవి. మెట్ల పక్కన ఎక్కడైనా కూర్చుని, ముఖం బండకి జానెడు దూరంలో పెట్టి చూడండి. గులాబీ రంగులోనో పాలిపోయిన తెలుపులోనో పలకలుగా మెరిసేది ఫెల్స్‌పార్. గాజుముక్కలా, బూడిదరంగులో, ఏ ఆకారమూ లేకుండా సందుల్లో నిండి ఉండేది పలుగురాయి. మధ్యమధ్యలో నల్లటి చుక్కలు, గోటితో గీకితే పొరలు పొరలుగా లేస్తాయి, అది అభ్రకం, మన ఊళ్ళల్లో కాకిబంగారం అంటారు కదా, దాని జాతే. ఈ మూడూ కలిసి ఆ 40 ఎకరాల కొండ అయ్యాయి.

మరి అంత లోతులో ఉన్నది ఇప్పుడు ఆకాశంలో ఎందుకు నిలబడి ఉంది? దాన్నెవరూ పైకి తోయలేదు. దాని మీద కప్పుకుని ఉన్న కిలోమీటర్ల మందం రాయి వానకీ గాలికీ ఎండకీ కోట్ల ఏళ్ళపాటు అరిగి, మట్టై, వాగుల్లో కొట్టుకుపోయింది. నెత్తిన బరువు దిగిపోయేసరికి గ్రానైట్ ఒళ్ళు విరుచుకుంది. అలా విరుచుకున్నప్పుడు పైపొర లోపలి రాయి నుంచి విడివడి పెచ్చులు లేస్తుంది. ఆ పెచ్చులు పైతలానికి సమాంతరంగా లేస్తాయి, కాబట్టి మూలలు ముందు పోతాయి, మిగిలింది గుండ్రంగా తేలుతుంది. ఎక్కేటప్పుడు చూస్తే అరడుగు మందం, అడుగు మందం ఉన్న పలకలు అంచుల దగ్గర లేచి ఉంటాయి. ఒకచోట మడమతో గట్టిగా తట్టండి. గట్టి బండైతే చప్పుడే రాదు. కింద ఖాళీ ఉన్న పెచ్చైతే డొల్లగా మోగుతుంది. పిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళు వాళ్ళతో ఈ పని తప్పకుండా చేయించండి, ఒక్కసారి ఆ మోత వింటే పాఠం మళ్ళీ చెప్పక్కర్లేదు.

(ముందు వరుసలోంచి ఒకమ్మాయి: "మరి గోల్కొండ, గచ్చిబౌలి వైపు రాళ్ళు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటాయి కదండీ, అవీ గ్రానైటే కదా?")

గ్రానైటే తల్లీ, మంచి ప్రశ్న. దాదాపు అదే వయసు, అదే జాతి. తేడా ఎక్కడొచ్చిందంటే పగుళ్ళలో. చల్లారేటప్పుడో, తర్వాత భూమి ఒత్తిళ్ళకో రాయిలో నిలువుగా, అడ్డంగా పగుళ్ళు పడతాయి. హైదరాబాద్ చుట్టుపక్కల ఆ పగుళ్ళు దగ్గరదగ్గరగా పడ్డాయి. నేల కింద ఉండగానే ఆ పగుళ్ళలోంచి నీరు దిగి, రాతిని మూలల దగ్గర కుళ్ళబెట్టింది. అవును, రాయి కూడా కుళ్ళుతుంది, ఫెల్స్‌పార్ మెత్తబడి మట్టి అయిపోతుంది. తర్వాత పై మట్టి వానలకి కొట్టుకుపోతే మధ్యలో కుళ్ళని గట్టి గుండ్లు మాత్రం ఒకదాని మీద ఒకటి నిలబడిపోయాయి. గోల్కొండ, రాచకొండ చాలావరకు అలా తయారైనవే. భువనగిరి దగ్గర మాత్రం ఆ ఒక్క ముద్దలో పగుళ్ళు బాగా తక్కువ. నీరు చొరబడే సందు దొరకలేదు. చుట్టూ ఉన్న రాయంతా కుళ్ళి నేలమట్టమైతే ఇది ఒక్కటే మిగిలింది. అంటే కొండ లేవలేదు, చుట్టూ ఉన్న నేల దిగింది.

ఆ కుళ్ళిన రాయి ఏమైందో కూడా చెప్పాలి, ఎందుకంటే మన చరిత్ర సగం అందులోనే ఉంది. అది మొరం అయింది, మొరం మీద చల్కనేల అయింది. మన ఎర్ర చల్కలు. తేలిగ్గా దున్నొచ్చు గానీ నీళ్ళు నిలవవు. కింద గట్టి గ్రానైట్ కాబట్టి వాన నీరు పైనున్న మెత్తని పొరలోనో, ఎక్కడో ఉన్న పగుళ్ళలోనో తప్ప దాక్కోదు. బోరు వేస్తే ఒక చేనులో పడుతుంది, పక్క చేనులో దుమ్ము లేస్తుంది. అందుకే ఇక్కడ ఎవరు రాజైనా చెరువు తవ్వించక తప్పలేదు. కాకతీయుల చెరువుల గురించి మనం గొప్పగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా, కానీ ఆ చెరువుల వెనక ఉన్న ఒత్తిడి ఈ రాయిదే. ఇంకో చేదు సంగతి. ఈ గ్రానైట్‌లో కొన్ని ఖనిజాల్లో ఫ్లోరిన్ ఉంటుంది. నీరు రాతిలో ఎక్కువకాలం నిలిచి, లోతు బోర్లలోంచి పైకి వస్తే ఫ్లోరైడ్‌ని వెంటబెట్టుకొస్తుంది. పాత నల్లగొండ జిల్లాలో, మర్రిగూడ, నాంపల్లి మండలాల్లో వంకర తిరిగిన కాళ్ళతో, వంగని మెడలతో తరాలకి తరాలు బతికారు. పైన చూస్తే అందమైన గుట్టలు, కింద తాగితే ఎముకలు వంచే నీళ్ళు, రెండూ ఒకే రాతివి. గుట్ట పైకెక్కి నాలుగువైపులా చూస్తున్నప్పుడు ఇదీ గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు ఎక్కుదాం. పొద్దున్నే మొదలుపెట్టండి. పదకొండు దాటితే బండ వేడెక్కుతుంది, పైనుంచి ఎండ, కింద నుంచి సెగ, రెండు వైపులా కాలుతుంది. వానాకాలం అందంగా ఉంటుంది గానీ నల్లటి చారలున్న చోట అడుగు పెట్టకండి. బండ మీద పైనుంచి కిందికి జారినట్టు నల్లచారలు కనిపిస్తాయి, అవి నీరు పారే దారులు, వాటి మీద కంటికి ఆనని నాచు జాతులు బతుకుతాయి. ఎండలో గట్టిగానే ఉంటాయి, తడిస్తే సబ్బు రాసినట్టే. ఎక్కడం కన్నా దిగడమే కష్టం, చాలామంది అక్కడే టెన్షన్ పడతారు. చేతిలో ఫోన్ లేకుండా, ఒళ్ళు కొంచెం ముందుకి వంచి, పాదం మొత్తం ఆనించి దిగండి. భయంతో వెనక్కి వాలారంటే జారతారు.

దారిలో మొదట్లో పేర్చిన మెట్లుంటాయి, పోనుపోను బండలోకే తొలిచిన మెట్లు. ఈ తొలిచిన వాటి దగ్గర ఆగండి. వందల ఏళ్ళ పాదాలకి నడుమ అరిగిపోయి ఉంటాయి. అవి తొలిచిన మనుషుల పేర్లు ఏ శాసనంలోనూ ఉండవు. రాయి కొట్టడం మన దగ్గర వడ్డెరల పని. వాళ్ళకి బండ మీద చేయి వేసి, సమ్మెటతో రెండు దెబ్బలు కొట్టి, ఆ మోతని బట్టి ఎటు చీలుతుందో చెప్పగల నేర్పు ఉంది. ఇందాక నేను పెచ్చులని చెప్పానే, ఆ పెచ్చుల మీద మంట పెట్టి, వేడికి పలక లేచేలా చేసి, చిన్నచిన్న దెబ్బలతో పొడుగాటి బండలు తీసే పద్ధతి దక్షిణాదిలో చాలాచోట్ల ఉండేది. మన ఇళ్ళ ముందు అరుగుబండలు, చేల చుట్టూ పాతిన కడీలు, అన్నీ ఆ చేతులవే. కోట అంటే రాజు పేరు చెప్తాం. ఉలి పట్టిన వాడి పేరు కూడా తెలిసుంటే ఎంత బావుండేదో.

గోడలు చూస్తే మీకే అర్థమవుతుంది, బండ నిలువుగా ఉన్న చోట గోడ కట్టాల్సిన పనే పడలేదు. మనిషి పాకి రాగలిగిన చోట మాత్రమే గోడ, బురుజు, దర్వాజా. ఖర్చులో చాలా భాగం రాయే భరించింది. పైన బాలాహిస్సార్ అని పిలిచే కట్టడం ఉంది, శిథిలమైంది. దానికన్నా నాకు ఇష్టమైనవి దొనలు. బండ మీద సహజంగా పడ్డ గుంటలు కొన్ని, మనుషులు ఇంకా తొలిచి పెద్దవి చేసినవి కొన్ని. కొండ మీద బావి తవ్వితే నీళ్ళు పడవు, కింద అంతా ముద్ద రాయి. మరి సైన్యం ఏం తాగింది? వాన. ఒక చిన్న లెక్క చేద్దాం. మట్టి నేల మీద పడ్డ వానలో చాలా భాగం ఇంకిపోతుంది, బోడి బండ మీద దాదాపు అంతా పారుతుంది. 40 ఎకరాల మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే 16 లక్షల లీటర్లు. అందులో కొంత భాగాన్ని ఒడిసి పట్టినా ఒక దండు వేసవి దాటుతుంది. ఆ దొనల్లో వానలు పడగానే కప్పపిల్లలు కనిపిస్తాయి. వేసవిలో అడుగున పర్రెలిచ్చిన బురద తప్ప ఏమీ ఉండదు. దయచేసి వాటిల్లో బాటిళ్ళు, చిప్స్ కవర్లు పడేయకండి. ఆ చిన్న గుంటలో బతికేదానికి వేరే చోటు లేదు. అలాగే బండ పగుళ్ళలో సీతాఫలం చెట్లు కనిపిస్తాయి, పిడికెడు మన్ను చాలు దానికి. ఎండ ముదిరితే తల దగ్గర ఎరుపెక్కి, కింద నల్లబడ్డ మగ తొండలు బండ మీదికి వచ్చి తలలాడిస్తూ కూర్చుంటాయి. రాళ్ళతో కొట్టకుండా చూడండి, చాలు.

సొరంగం గురించి ఎవరో ఒకరు అడుగుతారు, అడగకముందే చెప్పేస్తాను. ఇక్కడి నుంచి గోల్కొండకి సొరంగం ఉండేదని ప్రతివాళ్ళూ చెప్తారు. రెండింటి మధ్య అంత దూరం, మధ్యలో గట్టి గ్రానైట్. ఉలితో రోజుకి ఎంత లోతు తొలవగలరో వడ్డెర మేస్త్రీని ఎవరినైనా అడగండి, మీకు జవాబు దొరుకుతుంది. దాని బదులు పైనున్న ఒక్క దొన అంచు మీద ఉలి గాట్లు చూసి ఆశ్చర్యపడండి, అది నిజంగా జరిగిన పని.

ఇక చరిత్ర. కళ్యాణి చాళుక్యుల రాజు త్రిభువనమల్ల ఆరవ విక్రమాదిత్యుడు, 1076 నుంచి 1126 వరకు ఏలినవాడు, ఈ కోటని ఆయన కాలానిదిగా చెప్తారు, ఊరికి ఆ పేరూ ఆయన బిరుదు మీదే వచ్చిందంటారు. ఇక్కడే ఎందుకంటే, చాళుక్యులకి ఈ ప్రాంతంలో పెద్ద కేంద్రం కొలనుపాక, ఆలేరు పక్కన. అప్పట్లో కొల్లిపాక అనేవారు. మీకు రోజంతా ఉంటే గుట్ట దిగాక కొలనుపాక వెళ్ళండి, జైన మందిరం, సోమేశ్వరాలయం రెండూ చూడండి. అప్పటికి కాకతీయులు ఆ చాళుక్యుల కింద సామంతులే. తర్వాత వాళ్ళు ఎదురుతిరిగి 1163 నాటి హనుమకొండ శాసనంతో స్వతంత్రులమని చాటారు. కాకతీయుల తర్వాత బహమనీలు, గోల్కొండ కుతుబ్‌షాహీలు.

కుతుబ్‌షాహీల కాలంలో ఈ బండ జైలు. ఆ వంశాన్ని మొదలుపెట్టిన సుల్తాన్ కులీ కొడుకుల్లో దౌలత్ కులీ అనే ఆయన్ని మతి సరిగా లేదని ఇక్కడే బంధించారు. 1550లో అప్పటి సుల్తాన్ జంషీద్ చనిపోయి, గద్దె కోసం గొడవ మొదలైనప్పుడు జగదేవరావు అనే బలమైన నాయకుడు ఈ దౌలత్‌ని బయటికి తీసి సుల్తాన్‌ని చేద్దామని ఎత్తువేశాడు. అది పారలేదు, జంషీద్ తమ్ముడు ఇబ్రహీం గద్దెకి వచ్చాడు. నాకు ఈ కథలో గుచ్చుకునేది రాజకీయం కాదు. రాకుమారుడిగా పుట్టి, ఈ బోడి బండ మీద ఏళ్ళ తరబడి కింద ఊరి పొగ చూస్తూ కూర్చున్న ఆ మనిషి. పైన నిలబడి కాసేపు ఆయన వైపు నుంచి ఊహించండి.

ఔరంగజేబు 1707లో పోయాడు. మొగలుల పట్టు సడలింది. మరుసటి ఏడు, 1708లో, సర్వాయి పాపన్న తన దండుతో ఓరుగల్లు మీద పడ్డాడు, అదే ఏడు భువనగిరి మీద కూడా పడ్డాడు. గౌడ కులంలో పుట్టి, తాళ్ళెక్కే ఇంటి బిడ్డ, జనగామ వైపు షాపూర్‌లో సొంతంగా కోట కట్టుకున్నాడు. మొగలు చరిత్రకారుల రాతల్లో అతను దొంగ, దోపిడీగాడు. మన జానపదుల పాటల్లో బహుజనుల రాజు. నన్ను మీరేమంటారని అడిగితే, ఊళ్ళు దోచిన మాటా నిజమే, జనం కూడా దోపిడీకి గురయ్యారు, దాన్ని దాచిపెట్టడం నాకు ఇష్టం లేదు. కానీ కల్లు గీసే మనిషి కోట వైపు కన్నెత్తి చూడకూడదనే రోజుల్లో కోట మీదికే దండు తీసుకొచ్చాడంటే, మూడొందల ఏళ్ళ తర్వాత కూడా జనం అతన్ని పాడుకుంటున్నారంటే, ఆ పాట అబద్ధం కాదు. 1710లో పట్టుకుని చంపారు.

ఆ తర్వాత నిజాంల కాలం. కోట పని అయిపోయింది, ఫిరంగులు తుప్పు పట్టాయి. కానీ బండ కింద ఊరికి చరిత్రతో పని అయిపోలేదు. 1944లో, నిజాం రాజ్యంలోని తెలుగువాళ్ళ సంస్థ ఆంధ్ర మహాసభ పదకొండో మహాసభ భువనగిరిలోనే జరిగింది. అధ్యక్షుడు రావి నారాయణరెడ్డి, ఈ పక్కనే బొల్లేపల్లిలో పుట్టినవాడు. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదలైన సంస్థ, తెలుగు భాష, గ్రంథాలయాలు, వినతిపత్రాలు, ఇలా నడిచింది. భువనగిరి సభలో అది రెండుగా చీలింది. మితవాదులు పక్కకి పోయారు, సంఘం కమ్యూనిస్టుల చేతికొచ్చి పల్లెల్లోకి వెళ్ళింది, వెట్టి చేసేవాళ్ళ దగ్గరికి, కౌలుదారుల దగ్గరికి. రెండేళ్ళకి, 1946 జులై 4న, కడవెండిలో సంఘం కార్యకర్త దొడ్డి కొమరయ్యని కాల్చి చంపారు, సాయుధ పోరాటం అంటుకుంది. 1952 ఎన్నికల్లో అదే రావి నారాయణరెడ్డి నల్లగొండ నుంచి నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లతో పార్లమెంటుకి వెళ్ళాడు. మధ్యలో 1951 ఏప్రిల్ 18న, ఇదే ప్రాంతంలో, పోచంపల్లిలో, వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇచ్చాడు, భూదానోద్యమం అక్కడే పుట్టింది. గుట్ట చుట్టూ ఒక గంట ప్రయాణం దూరంలో భూమి కోసం తుపాకీ పట్టడమూ, భూమిని చేతులెత్తి ఇవ్వడమూ రెండూ జరిగాయి. చీర కొనడానికి పోచంపల్లి వెళ్ళేవాళ్ళు ఈ ముక్క కూడా తెలుసుకుని వెళ్ళాలని నా కోరిక.

ఇంకో పేరు చెప్పకుండా ఈ బండ చరిత్ర పూర్తికాదు. మాలావత్ పూర్ణ. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామం, లంబాడా పిల్ల, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివింది. తాడు పట్టుకుని రాయి ఎక్కడం మొదట నేర్చుకుంది ఈ భువనగిరి బండ మీదే, పర్వతారోహణ కోచ్ శేఖర్ బాబు దగ్గర. 2014 మే 25న, పద్నాలుగో ఏడు ఇంకా నిండకుండా, టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు ఎక్కింది. తనతో పాటు ఖమ్మం జిల్లా పిల్లవాడు సాధనపల్లి ఆనంద్ కుమార్ కూడా. ఇలాంటి బండ మీద చేతులతో పట్టుకోవడానికి ఏమీ ఉండదు, పాదం రాపిడిని నమ్మాలి, కాలు వణికినా మడమ ఎత్తకూడదు. ఆ పాఠం చెప్పగల రాయి హైదరాబాద్‌కి ఇంత దగ్గర్లో ఉండటం మన అదృష్టం. ఇప్పటికీ అక్కడ శిక్షణ ఇస్తారు. పిల్లలున్నవాళ్ళు కనుక్కుని పంపండి.

ఇప్పుడు నాకు బాధ కలిగించే సంగతి. భువనగిరి గుట్ట మీద కోట ఉంది కాబట్టి, పురావస్తు శాఖ రక్షణ ఉంది కాబట్టి బతికిపోయింది. కోట లేని గుట్టల సంగతేంటి? కరీంనగర్ వైపు వెళ్ళి చూడండి. అక్కడి గోధుమరంగు గ్రానైట్‌కి విదేశాల్లో మంచి గిరాకీ, గుట్టలని కేక్ ముక్కల్లా నిలువునా కోసి పట్టుకుపోయారు. మిగతావాటిని క్రషర్లు కంకర చేస్తున్నాయి. ఇళ్ళకీ రోడ్లకీ కంకర కావాలి, కాదనను. కానీ ఏ గుట్ట కొట్టొచ్చో ఏది ముట్టకూడదో ముందే ఒక జాబితా ఉండాలి కదా. హైదరాబాద్‌లో సొసైటీ టు సేవ్ రాక్స్ అనే సంస్థ 1996 నుంచి ఆ పని కోసమే కొట్లాడుతోంది, వాళ్ళ వల్ల కొన్ని రాళ్ళకి వారసత్వ సంపదగా గుర్తింపు వచ్చింది. సెంట్రల్ యూనివర్సిటీ దగ్గర మష్రూమ్ రాక్ మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ పక్కనే కంచ గచ్చిబౌలిలో చెట్లు కొట్టడం మొదలైతే యూనివర్సిటీ పిల్లలు రోడ్డెక్కారు, 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు పనులు ఆపమంది. అడవి మళ్ళీ పెంచొచ్చేమో, కష్టపడితే. ఒకసారి పేల్చిన గుండుని మాత్రం ఎవరూ మళ్ళీ పెట్టలేరు.

మీ ఊళ్ళో గుట్ట ఉంటే ఒక పని చేయండి. దానికి ఊరివాళ్ళు పెట్టుకున్న పేరు, దాని మీద దొనలు ఎన్ని, ఏ చెరువులోకి దాని నీళ్ళు పోతాయి, పైన ఏ దేవుడున్నాడు, ఎవరి జాతర జరుగుతుంది, ఇవి ముసలివాళ్ళని అడిగి రాసి, ఫోటోలు తీసి పంచాయతీలో ఇవ్వండి. రేపు ఎవరైనా లీజు కాగితంతో వచ్చినప్పుడు అది ఉత్త బండ కాదని చెప్పడానికి ఊరి చేతిలో ఏదో ఒక కాగితం ఉండాలి.

(వెనక నుంచి ఒకాయన: "రోప్‌వే వస్తుందంటున్నారు కదా సార్, అది మంచిదా చెడ్డదా?")

ప్రతిపాదన ఉందన్నా, నేనూ విన్నాను. పూర్తిగా వద్దు అని నేను అనలేను. మా అక్కకి మోకాళ్ళు పనిచేయవు, ఆవిడ కూడా పైనుంచి ఒకసారి చూడాలని నాకుంటుంది. మెట్లెక్కలేని పెద్దవాళ్ళు, నడవలేనివాళ్ళు, వాళ్ళ హక్కు కాదా అది? కానీ మూడు విషయాలు గట్టిగా అడగాలి. స్తంభాల కోసం బండలో పేలుడు పెట్టకూడదు, డ్రిల్లుతోనే పని కానివ్వాలి, ఎందుకంటే పెచ్చులున్న బండలో ఒకచోట పేలిస్తే పగులు ఎంత దూరం పాకుతుందో ఎవరూ చెప్పలేరు. పైన స్టేషన్ కట్టేటప్పుడు దొనల్లోకి నీళ్ళు వచ్చే వాలుని కాంక్రీటుతో కప్పకూడదు. ఇక ఇప్పుడు కష్టపడి ఎక్కేవాళ్ళు కొద్దిమందే వస్తున్నారు కాబట్టి చెత్త కొంతైనా తక్కువ. రోజుకి వేలమంది పైకి వెళ్తే ఆ చెత్త ఎవరు దించుతారు, మరుగుదొడ్ల నీళ్ళు ఎటు పోతాయి? కింద ఊరుంది. ఆ బండ మీద ఏది పారినా ఊళ్ళోకే పోతుంది. ఈ మూడింటికీ జవాబు కాగితం మీద చూపిస్తే నేనూ టికెట్ కొంటాను.